సాధనకు గుండె వేగం చూపే వాచీ: ఎంపిక నుంచి మొదటి వారం పరీక్ష దాకా సమగ్ర మార్గదర్శి

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు పరుగు సాధన చేస్తున్న తెలుగువారు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: ఏ వాచీ కొనాలి? ఒక కంపెనీ పేరు చెప్పి ఊరుకోవడం సులువే గాని, దానివల్ల అడిగినవారికి పెద్దగా మేలు జరగదు. నడకలో సరిగ్గా చూపే వాచీయే ఘాట్ రోడ్డు మీద సైకిల్ తొక్కేటప్పుడు తప్పు చూపవచ్చు. ఒకరి మణికట్టుకు కుదిరినది మరొకరికి కుదరకపోవచ్చు.

అందువల్ల ఇక్కడ క్రమం ఇలా ఉంటుంది. ముందు సాధన ఏమిటో తేల్చుకోవాలి. దానికి తగిన సెన్సర్‌ను నిర్ణయించుకోవాలి. ఆ సెన్సర్‌తో పనిచేసే వాచీని ఆ తరువాతే చూడాలి. కొన్నాక వాపసు గడువు ముగియకముందే పరీక్షించాలి. తెర అందం చూసి ముందు కొనేసి, సాధన గురించి తరువాత ఆలోచించేవారే ఎక్కువగా నిరాశపడుతున్నారు.

1. మీ సాధనను కాగితం మీద రాసుకోండి

ఈ జిల్లాల్లో వాచీ కొనాలనుకునే యువకుల్లో చాలామంది పోలీసు, సైన్య నియామకాల కోసం 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేస్తున్నవారు. వారు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది. శ్రమ పెరిగిన వెంటనే గుండె వేగం ఆ స్థాయికి చేరదు, నిమిషం దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా పడుతుంది. 400 మీటర్ల చుట్టును వేగంగా పరుగెత్తితే, అంకె స్థిరపడేసరికి చుట్టు పూర్తయిపోతుంది. కాబట్టి వేగపు చుట్లలో నమ్మవలసినది స్టాప్‌వాచ్‌నే.

మరి వీరికి గుండె వేగం ఎక్కడ ఉపయోగపడుతుంది? రెండు చోట్ల. తేలికగా చేయవలసిన దూరపు పరుగులో పక్కవాడితో పోటీ పడి వేగం పెంచకుండా ఆపడానికి, చుట్టుకూ చుట్టుకూ మధ్య విశ్రాంతి చాలిందో లేదో చూసుకోవడానికి. ఈ రెండింటికీ ఖరీదైన వాచీ అవసరం లేదు.

కొండ దారుల్లో సైకిల్ తొక్కేవారి అవసరం వేరు, వారికి గంటల తరబడి తప్పకుండా అందే కొలత కావాలి. ఉదయం నడిచే పెద్దవారికి సాధారణ బ్యాండ్ చాలు. జిమ్‌లో బరువులెత్తేవారికైతే గుండె వేగం వల్ల ఒరిగేది తక్కువ. ఆ డబ్బును మంచి బూట్ల మీద పెట్టవచ్చు.

రాసుకోవలసినవి:
- వారంలో ఎన్ని రోజులు, ఏ వ్యాయామం, ఒక్కోసారి ఎంతసేపు
- మైదానమా, తారు రోడ్డా, ఇసుకా, కొండ దారా
- సాధన సమయంలో ఫోన్ వెంట ఉంటుందా, ఉండదా
- ఆ దారిలో మొబైల్ సిగ్నల్ ఉంటుందా
- నదిలో గాని సముద్రంలో గాని ఈత ఉందా

2. వాచీకి ముందు రక్త పరీక్ష

ఈ అంశాన్ని చాలామంది దాటవేస్తారు గాని, మన ప్రాంతంలో దాటవేయకూడదు. దక్షిణ ఒడిశా గిరిజన ప్రాంతాల్లోనూ, మహారాష్ట్ర వైపు గడ్చిరోలిలోనూ సికిల్ సెల్ సమస్య (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు) ఉంది. జబ్బు బయటికి కనిపించకుండా, దాని జన్యువును తల్లి నుంచో తండ్రి నుంచో ఒకరి నుంచే పొందినవారు కూడా, తీవ్రమైన ఎండలో నీరు తాగకుండా శక్తికి మించి పరుగెత్తితే, కుప్పకూలే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదాన్ని ఏ వాచీ ముందుగా చెప్పలేదు.

2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వారికి ఈ పరీక్ష చేస్తున్నారు. నియామకాల కోసం కఠిన సాధన మొదలుపెట్టేవారు దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అడిగి చేయించుకోవాలి. దానితోపాటు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోవడం మంచిది, ఎందుకంటే రక్తహీనత ఉన్నవారికి తేలిక పరుగులోనే గుండె వేగం ఎక్కువగా కనిపిస్తుంది.

రక్తపోటుకు బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి గుండె వేగం మందు వల్లనే తగ్గి ఉంటుంది గనుక, వయసును బట్టి వేసే లెక్కలేవీ వారికి వర్తించవు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె లయ తప్పడం వంటివి ఉన్నవారు ముందు వైద్యుడిని కలవాలి.

3. సెన్సర్ ఎంపిక: అసలు నిర్ణయం ఇదే

గుండె వేగాన్ని కొలిచే పద్ధతులు ప్రధానంగా రెండు.

మొదటిది మణికట్టు మీది కాంతి సెన్సర్. వాచీ అడుగున వెలిగే ఆకుపచ్చ దీపాల కాంతి చర్మంలోకి వెళుతుంది; రక్తం ఆ రంగును పీల్చుకుంటుంది; గుండె కొట్టుకున్న ప్రతిసారీ అక్కడి రక్తం పెరిగి తగ్గుతూ ఉంటే, తిరిగి వచ్చే కాంతి కూడా మారుతూ ఉంటుంది. ఆ మార్పులను వాచీ లెక్కిస్తుంది. కూర్చున్నప్పుడు, నిద్రలో, నిలకడైన నడకలో, సమానమైన వేగంతో సాగే పరుగులో ఇది బాగానే పనిచేస్తుంది. చేయి ఊగినప్పుడు, పిడికిలి బిగించినప్పుడు, సైకిల్ హ్యాండిల్ అదురుతున్నప్పుడు తడబడుతుంది.

రెండవది ఛాతీ పట్టీ. ఇది గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే విద్యుత్ సంకేతాన్ని చర్మం మీద నుంచి నేరుగా పట్టుకుంటుంది. వేగం ఒక్కసారిగా పెరిగినా తగ్గినా ఆలస్యం చాలా తక్కువ. పోలార్, గార్మిన్, వాహూ, కూస్పో వంటి కంపెనీలు వీటిని అమ్ముతున్నాయి. ధరల్లో తేడా పెద్దదే అయినా, కేవలం గుండె వేగం కోసమైతే తక్కువ ధర పట్టీ కూడా మంచి వాచీ కాంతి సెన్సర్‌కు తీసిపోదు.

వీటి మధ్య మూడో దారి ఒకటి ఉంది: ముంజేతికి గాని దండకు గాని కట్టుకునే కాంతి సెన్సర్ పట్టీ. అక్కడ కండ ఎక్కువ, ఎముకల కదలిక తక్కువ గనుక మణికట్టు కంటే కొలత నిలకడగా ఉంటుంది. ఛాతీ పట్టీ ఇబ్బందిగా అనిపించే స్త్రీలకూ, సైకిల్ తొక్కేవారికీ నేను ముందుగా సూచించేది ఇదే.

మణికట్టు సెన్సర్ మీకు సరిపోతుందో లేదో తేల్చే విషయాలు కొన్ని:
- సెన్సర్ ఆనే చోట పచ్చబొట్టు ఉంటే కాంతి ఆ సిరాలోనే ఆగిపోతుంది. రెండో చేతికి పచ్చబొట్టు లేకపోతే అక్కడ కట్టుకోవాలి. రెండు చేతులకూ ఉంటే ఛాతీ పట్టీయే మార్గం.
- మణికట్టు బాగా సన్నగా ఉండి ఎముక పొడుచుకువస్తే పెద్ద వాచీ అడుగు చర్మానికి ఆనదు.
- కొరాపుట్ పీఠభూమి మీద చలికాలపు తెల్లవారుజామున చేతి చర్మానికి రక్తప్రసరణ తగ్గుతుంది, దానితో మొదటి పది పదిహేను నిమిషాలు అంకె అడ్డదిడ్డంగా ఉండవచ్చు.

నల్లని చర్మానికి ఇవి పనిచేయవనే మాట వినిపిస్తుంటుంది. ఇప్పటి మంచి సెన్సర్ల విషయంలో చర్మపు రంగు కంటే చేతి కదలికే పెద్ద సమస్య.

నా తీర్పు ఇది: ఫోన్ వెంట ఉంచుకుని సాధన చేసేవారు, డబ్బు చూసి ఖర్చు పెట్టవలసినవారు, వాచీ మానేసి ఛాతీ పట్టీని ఫోన్‌లోని ఉచిత యాప్‌తో వాడుకోవచ్చు. ఫోన్ లేకుండా పరుగెత్తేవారు మాత్రం ఛాతీ పట్టీతో జతపడే వాచీ చూసుకోవాలి, పట్టీని ఇప్పుడే కొనకపోయినా సరే.

4. వాచీలో చూడవలసినవి

బయటి సెన్సర్‌తో జత. చవక స్మార్ట్ వాచీల్లో చాలావాటికి ఈ సదుపాయం లేదు. వివరాల పట్టికలో బ్లూటూత్ అని ఉంటే సరిపోదు, ఎందుకంటే అది ఫోన్‌తో కలవడానికి మాత్రమే కావచ్చు. బయటి గుండె వేగం సెన్సర్‌ను కలుపుకుంటుందని స్పష్టంగా రాసి ఉండాలి. పాత సైకిల్ కంప్యూటర్ ఉన్నవారు ఆంట్ ప్లస్ (సెన్సర్లను కలిపే మరో వైర్‌లెస్ పద్ధతి) కూడా ఉందేమో చూసుకోవాలి.

సొంత జీపీఎస్. కొన్ని వాచీలు ఫోన్ జీపీఎస్‌నే వాడుకుంటూ, పెట్టె మీద మాత్రం జీపీఎస్ అని పెద్ద అక్షరాలతో రాసుకుంటాయి. ఫోన్ ఇంట్లో ఉంచి పరుగెత్తేవారికి అది పనికిరాదు. రాయగడ కొండల మధ్య ఆకాశం కొంతే కనిపించే దారుల్లో రెండు పౌనఃపున్యాలను అందుకునే జీపీఎస్ మెరుగ్గా ఉంటుంది. బరంపురం వంటి మైదాన ప్రాంతంలో సాధారణ జీపీఎస్ చాలు. ఎత్తు తెలియాలంటే గాలి పీడనాన్ని కొలిచే సెన్సర్ ఉండాలి, జీపీఎస్ ఒక్కదానితో ఎత్తు సరిగా రాదు.

బటన్లు. చెమట పట్టిన వేలికీ, జూన్ తరువాతి వానకూ టచ్ తెర మాట వినదు. ప్రారంభం, విరామం, చుట్టు గుర్తు, ఈ మూడూ బటన్‌తో జరగాలి. 1.6 కిలోమీటర్ల సాధన చేసేవారికి చుట్టు బటన్ తప్పనిసరి: ప్రమాణ మైదానంలో లోపలి వరుస 400 మీటర్లు గనుక నాలుగు చుట్లను బటన్‌తో గుర్తించడం జీపీఎస్ దూరం కంటే ఖచ్చితం.

బ్యాటరీ. ప్రకటనలో కనిపించే రోజుల లెక్కను పక్కన పెట్టి, జీపీఎస్, గుండె వేగం రెండూ నడుస్తుండగా ఎన్ని గంటలు వస్తుందో చూడాలి. గంట పరుగుకు ఏదైనా చాలు. మహేంద్రగిరి ఎక్కి దిగే రోజుకు పది గంటలకు పైగా ఉండాలి.

నీరు. నీటిని తట్టుకునే స్థాయి 5 ఏటీఎం అని ఉంటే వంశధారలో స్నానానికీ ఈతకూ ఇబ్బంది లేదు. ఐపీ68 అని మాత్రమే ఉంటే వానకూ చెమటకూ పరిమితం చేయాలి.

జోన్లను మార్చుకునే వీలు. జోన్లంటే గుండె వేగాన్ని బట్టి శ్రమను విభజించే స్థాయిలు. గుండె గరిష్ఠ వేగాన్నీ, విశ్రాంతి వేగాన్నీ మీరే నమోదు చేయగలగాలి. దీని అవసరం ఏడవ భాగంలో తెలుస్తుంది.

లిపి. కొన్ని వాచీల్లో తెలుగు, ఒడియా సందేశాలు ఖాళీ గడులుగా కనిపిస్తాయి. సాధనకు దీనితో సంబంధం లేదు గాని, రోజంతా కట్టుకునేవారు దుకాణంలోనే ఒక తెలుగు సందేశం పంపి చూసుకోవాలి.

వంద క్రీడల పట్టిక, ఆక్సిజన్ అంకె, ఒత్తిడి అంకె వంటివి ఉన్నా లేకపోయినా ఒకటే. సూది లేకుండా రక్తంలో చక్కెర చూపుతామనే వాచీలను మాత్రం అసలే కొనవద్దు. అటువంటి వాటికి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రజలను హెచ్చరించింది.

5. డబ్బు కట్టే ముందు

- మీ పిన్ కోడ్‌కు పంపుతారా, వాపసు ఉందా, లేక మార్చి ఇవ్వడం మాత్రమేనా అనేది చదవాలి. ఈ రెండింటికీ తేడా చాలా ఉంది: మీ చేతికి సెన్సర్ పడకపోతే, అదే వాచీ ఇంకొకటి ఇచ్చినా ఉపయోగం లేదు.
- మరమ్మతు కేంద్రం ఎక్కడ ఉందో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడాలి. బరంపురంలో లేకపోతే భువనేశ్వర్‌కో విశాఖపట్నానికో పంపవలసి రావచ్చు. కొరియర్ ఖర్చు ఎవరిదో కూడా అడగాలి.
- జీఎస్టీ బిల్లు, పెట్టె మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు గుర్తు ఉండాలి.
- ఛార్జింగ్ కేబుల్ ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటుంది. చిన్న ఊళ్లలో పోతే దొరకదు కాబట్టి ఇంకొకటి అప్పుడే తీసుకోవడం నయం.
- వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915.

దుకాణంలో కొందరు వాచీని నీళ్ల సీసాకో అరటిపండుకో కట్టి, అంకె వస్తే నకిలీ అని తేల్చేస్తారు. ఇది సరైన పరీక్ష కాదు. కాంతి తిరిగి వచ్చే ఏ వస్తువు మీదనైనా మంచి సెన్సర్ కూడా ఏదో ఒక అంకె చూపవచ్చు. మనిషి చేతి మీద, కదలికలో పరీక్షించడమే నిజమైన పరీక్ష.

6. మొదటి వారం పరీక్ష

దీనికి కావలసినవి మీ రెండు వేళ్లు, ఒక గడియారం. మణికట్టు బొటనవేలి వైపున గాని, మెడ పక్కన గాని చూపుడు, మధ్య వేళ్లతో నాడి పట్టుకోవాలి. బొటనవేలితో పట్టుకోకూడదు, దానికి సొంత నాడి ఉంటుంది. మెడ దగ్గర గట్టిగా నొక్కకూడదు.

ముందుగా వాచీని సరిగా కట్టుకోవాలి: మణికట్టు ఎముకకు ఒక వేలు వెడల్పు పైన, చేయి ఊపినా జారనంత బిగువుగా, అయితే వేళ్లు తిమ్మిరెక్కకుండా. చేతికి కట్టిన దారాలు, కడియం వాచీ కిందికి చేరితే పక్కనుంచి వెలుగు దూరుతుంది. వాటిని రెండో చేతికి మార్చుకోవాలి. వాచీలో వ్యాయామ మోడ్‌ను తప్పనిసరిగా ప్రారంభించాలి. మామూలు సమయంలో చాలా వాచీలు బ్యాటరీ ఆదా కోసం కొన్ని నిమిషాలకొకసారే కొలుస్తాయి.

మొదటి దశ, విశ్రాంతి. ఉదయం లేచి మంచం దిగకముందు 60 సెకన్ల పాటు నాడి లెక్కపెట్టి వాచీతో పోల్చాలి. తేడా మూడు నాలుగుకు మించకూడదు. ఇలా వరుసగా కొన్ని రోజులు రాసుకుంటే మీ విశ్రాంతి వేగం కూడా తెలుస్తుంది.

రెండో దశ, నిలకడ పరుగు. ఇరవై నిమిషాలు తేలికగా పరుగెత్తి, ఆగిన క్షణాన వాచీ అంకె గుర్తుంచుకుని, వెంటనే 15 సెకన్లు నాడి లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. ఆగగానే వేగం పడిపోతుంది గనుక నిమిషం పాటు లెక్కపెట్టకూడదు. ఈ లెక్కలో ఒక్క స్పందన తప్పినా నాలుగు తేడా వస్తుంది, కాబట్టి ఐదారు తేడాను క్షమించవచ్చు. పదిహేను తేడాను క్షమించకూడదు.

మూడో దశ, ఎత్తుపల్లాలు. ఒక నిమిషం వేగం, రెండు నిమిషాలు నెమ్మది, ఇలా ఐదుసార్లు చేసి ఇంటికి వచ్చి యాప్‌లో గీత చూడాలి. ఐదు శిఖరాలు, ఐదు లోయలు విడివిడిగా కనిపించాలి. గీత మొత్తం ఒకే మట్టంగా ఉంటే ఆ సెన్సర్ వేగపు సాధనకు పనికిరాదు.

నాలుగో దశ, మీ సొంత దారి. గోపాలపురం సముద్రతీరపు ఇసుకలో పరుగెత్తేవారు అక్కడే, ఘాట్ రోడ్డు ఎక్కేవారు అక్కడే పరీక్షించాలి. ఛాతీ పట్టీ ఉన్న మిత్రుడెవరైనా దొరికితే ఒకరోజు అరువు తీసుకుని, రెండింటినీ ఒకేసారి నమోదు చేసి గీతలు పోల్చడం అన్నిటికంటే మేలు.

ఏ దశలోనైనా తప్పితే కట్టుకునే చోటు, బిగువు మార్చి మరొకసారి చూడాలి. రెండోసారి కూడా తప్పితే వాపసు చేయాలి, అలవాటు పడదామని ఉంచుకోకూడదు.

7. జోన్ల లెక్క

వాచీ తనంతట తానుగా సాధారణంగా 220 నుంచి వయసు తీసివేసి గరిష్ఠ వేగం అంటుంది. 208 నుంచి వయసులో 0.7 వంతు తీసివేసే లెక్క కొంత మెరుగైనది. ఏ లెక్కయినా ఒక్కో మనిషికి పది పన్నెండు అటూ ఇటూ కావచ్చు. చాలా వారాలుగా సాధనలో ఉన్న ఆరోగ్యవంతులు, పక్కన ఒకరిని ఉంచుకుని, వార్మప్ తరువాత ఎత్తు దారిలో మూడేసి నిమిషాలు మూడుసార్లు గట్టిగా పరుగెత్తి, చివరిసారి కనిపించిన అత్యధిక అంకెను గరిష్ఠంగా తీసుకోవచ్చు.

ఇంకా ముఖ్యమైన తేడా జోన్‌ను లెక్కించే పద్ధతిలో ఉంది. 24 ఏళ్ల వ్యక్తికి గరిష్ఠం 196, విశ్రాంతి 60 అనుకుందాం. గరిష్ఠంలో 60 నుంచి 70 శాతం అంటే 118 నుంచి 137. అదే విశ్రాంతి వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకునే కార్వోనెన్ పద్ధతిలో, 196 నుంచి 60 తీసివేసి, మిగిలిన 136లో 60 నుంచి 70 శాతం తీసుకుని, మళ్లీ 60 కలపాలి: 142 నుంచి 155.

రెండింటినీ జోన్ 2 అనే పిలుస్తారు, కాని ఒకటి చురుకైన నడక, మరొకటి పరుగు. మిత్రుడి జోన్‌తో మీ జోన్‌ను పోల్చే ముందు ఇద్దరి వాచీలూ ఒకే పద్ధతిలో లెక్కిస్తున్నాయో లేదో చూడాలి. అనుమానం వస్తే మాట పరీక్ష ఉంది: తేలిక పరుగులో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి.

8. తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు, సవరణలు

పరుగులో అంకె 160, 170 దగ్గర అంటుకుపోయింది, శ్రమ మాత్రం తేలికగా ఉంది. వాచీ మీ గుండెను వదిలి అడుగులను లెక్కపెడుతోంది. పరుగులో నిమిషానికి అడుగులు అదే సంఖ్యలో పడతాయి. ఆగి, వాచీని పైకి జరిపి బిగించి, నాడి చూసుకుని తిరిగి మొదలుపెట్టాలి. మాటిమాటికీ ఇలా జరిగితే ఛాతీ పట్టీకి మారాలి.

ఛాతీ పట్టీ మొదటి ఐదు నిమిషాలు పిచ్చి అంకెలు చూపుతోంది. చర్మం పొడిగా ఉండటమే కారణం. కట్టుకునే ముందు లోపలి మెత్తని భాగాలను నీటితో తడపాలి.

పట్టీ వాచీకి కనిపించడం లేదు. అది అప్పటికే ఫోన్ యాప్‌తో కలిసి ఉండవచ్చు, కొన్ని పట్టీలు బ్లూటూత్‌లో ఒక్క పరికరంతోనే కలుస్తాయి. ఫోన్ బ్లూటూత్ ఆపి చూడాలి.

జీపీఎస్ దొరకడానికి చాలాసేపు పడుతోంది. ఉపగ్రహాలు ఎక్కడ ఉంటాయన్న ముందస్తు సమాచారాన్ని వాచీ ఇంటర్నెట్ ద్వారా తెచ్చుకుంటుంది, కొన్ని రోజులకు అది పాతబడుతుంది. సిగ్నల్ లేని ఊరికి బయలుదేరే ముందు రోజు యాప్‌తో ఒకసారి కలిపి ఉంచాలి.

అదే వేగం, కాని వేసవిలో అంకె పదికి పైగా ఎక్కువ. ఇది వాచీ తప్పు కాదు. తీరప్రాంతపు ఉక్కలో శరీరాన్ని చల్లబరచడానికి గుండె అదనంగా పనిచేస్తుంది. వేగం తగ్గించి జోన్‌లోనే ఉండాలి, నీరు తాగాలి, వీలైతే సూర్యోదయానికి ముందే ముగించాలి.

ఉదయపు విశ్రాంతి వేగం ఒక్కసారిగా ఎనిమిది, పది పెరిగింది. నిద్ర చాలకపోయినా, ముందు రోజు శ్రమ ఎక్కువైనా ఇలా జరుగుతుంది. జ్వరం మొదలయ్యే ముందు కూడా జరుగుతుంది. ఆ రోజు సాధన మానాలి. చలి, ఒళ్లు నొప్పులు కూడా ఉంటే, మలేరియా ఉన్న ప్రాంతం గనుక ఆశా కార్యకర్త దగ్గరైనా వెంటనే రక్త పరీక్ష చేయించుకోవాలి.

9. నిర్వహణ

- ప్రతి సాధన తరువాత వాచీ అడుగును మంచినీటితో కడిగి, తుడిచి ఆరబెట్టాలి. సముద్రపు నీరు తగిలితే ఇది మరీ ముఖ్యం.
- ఛాతీ పట్టీ నుంచి సెన్సర్ బిళ్లను ఊడదీసి ఉంచాలి. తడి పట్టీకి తగిలించి వదిలేస్తే కొన్ని రకాలు పనిచేస్తూనే ఉండి బ్యాటరీ ఖాళీ చేస్తాయి.
- పట్టీ గుడ్డను వారానికొకసారి సబ్బు నీటితో చేత్తో ఉతికి, నీడలో ఆరేయాలి, పిండకూడదు.
- చర్మం ఎర్రబడి దురద పెడితే రాత్రిపూట వాచీ తీసేసి, రబ్బరు పట్టీ బదులు నైలాన్ పట్టీ వేయించుకోవాలి.
- బిళ్ల బ్యాటరీ సీఆర్2032 రకమో సీఆర్2025 రకమో పట్టీ కాగితంలో చూసుకోవాలి. గడియారాల దుకాణాల్లోనూ, కారు రిమోట్లు బాగుచేసే చోటా ఇవి దొరుకుతాయి. అంకెలు మధ్యమధ్యలో మాయమవుతుంటే పట్టీని పారవేసే ముందు ముందుగా బ్యాటరీ మార్చి చూడాలి.